ఉత్తరపు నీరు

గాలికి ఒక న్యాయం, నీటికి ఒక న్యాయం. ఉత్తరపు గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చే గాలి, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ సముద్రంలో నీటి పోకడని కొలిచే మా వృత్తిలో ఉత్తర ప్రవాహం అంటే ఉత్తరానికి పోయే నీరు. గాలిని వచ్చిన దిక్కుతో పిలుస్తాం, నీటిని పోయే దిక్కుతో పిలుస్తాం. ఎవరు పెట్టారో గానీ ఓడల మీద పనిచేసేవాళ్లందరూ ఇదే పాటిస్తారు. మా ఇంట్లో మాత్రం గాలైనా నీరైనా వచ్చిన దిక్కుతోనే పిలుస్తారు. ఉత్తరపు నీరు అంటే ఉత్తరం నుంచి వచ్చి దక్షిణానికి లాగే నీరు.

దీని మీద మా అన్నకీ నాకూ ఏళ్ల తరబడి వాదన. నేను సముద్రాన్ని కొలిచే ఆఫీసులో పనిచేస్తాను, అదీ సముద్రమే లేని హైదరాబాదులో. అన్న బోగోలు మండలం ఒడ్డున మా ఊళ్లోనే ఉండి ఫైబర్ బోటు నడుపుతాడు. నేను సెలవుకి వెళ్లినప్పుడల్లా వల బాగుచేసుకుంటూ నన్ను గిల్లుతాడు. "కావలి నుంచి వచ్చినోడిని కావలి చుట్టం అంటాం గదా మే. వాడు మళ్లా యాడికి పోతాడో చూసి పేరు పెడతామా?" అంటాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేక, ఓడలవాళ్లంతా ఇలాగే అంటారని దబాయించేదాన్ని. చివరికి ఒక రాజీకి వచ్చాం. నాతో ఫోనులో మాట్లాడేటప్పుడు అన్న నా మాట వాడతాడు, మిగతా లోకంతో తన మాట తాను మాట్లాడుకుంటాడు. అలా మా ఇంట్లో నా ఉత్తరం, అన్న ఉత్తరం అని రెండు ఉత్తరాలు ఉండేవి. పోస్టుమాన్ ఒక్కటీ తేడు, ఇంట్లో మాత్రం రెండు ఉత్తరాలు అని వదిన నవ్వేది.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం పక్కపక్క ఇళ్లు. మధ్య గోడ మన దేశం, గోడ చివర శ్రీలంక. మన వైపు గంగ, గోదావరి, కృష్ణ, పెన్న వచ్చి పడతాయి, వానలూ ఎక్కువ, కాబట్టి పైనీళ్లలో ఉప్పు తక్కువ. అవతలి వైపు ఎండకి ఆవిరయ్యేదే ఎక్కువ, ఉప్పూ ఎక్కువే. నైరుతి వానలు వెనక్కి తగ్గాక మన నీళ్లు ఒడ్డు వెంబడి దక్షిణానికి పరుగు మొదలుపెట్టి, శ్రీలంకని చుట్టి ఆ ఇంట్లోకి చేరతాయి. ఎండలు ముదిరే ముందు ఇదే ఒడ్డున నీళ్లు ఎదురు తిరిగి ఉత్తరానికి పోతాయి. ఏ వారంలో తిరిగాయి, తిరిగాక ఎంత నీరు అవతలికి దాటింది అన్నది తేల్చి చెప్పడం కష్టం. ఆ కష్టానికే నాకు జీతం ఇస్తారు.

నీళ్లు తిరిగే ఆ రోజుల్లో మేం సముద్రంలో బంతులు వదులుతాం. బంతి గుమ్మడికాయంత ఉంటుంది, తెల్లగా. లోపల తానెక్కడున్నదీ, తన చుట్టూ ఎంత వేడిగా ఉన్నదీ ఉపగ్రహానికి చెప్పే యంత్రం ఉంటుంది. అడుగున పొడుగాటి గుడ్డ తొడుగు నీళ్లలోకి వేలాడుతుంది. ఆ తొడుగు ఉంటేనే బంతి నీటితో పోతుంది, లేకపోతే గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. అన్న ఆ బంతుల్ని గుమ్మడికాయలు అనేవాడు, తొడుగుని పావడా అనేవాడు. వదిలి వచ్చిన రోజు ఫోను చేసి, "నీ గుమ్మడికాయలతో సముద్రానికి దిష్టి తీసేసినా మే" అనేవాడు. మాది క్రైస్తవ కుటుంబం, దిష్టి తీసే అలవాటు లేదు, అయినా ఆ మాట ఆయనకి మహా ఇష్టం.

బంతులతో మాకున్న పెద్ద తలనొప్పి సముద్రం కాదు, మనుషులు. తెల్లగా తేలుతూ కనబడితే ఎవరో ఒకరు తీసి పడవలో వేసుకుంటారు. ఒకసారి ఒక బంతి చిట్టమూరు వైపు ఎవరి మిద్దె మీద నుంచో రోజుల తరబడి మాకు సముద్రం కబుర్లు చెప్పింది. అలాంటి బంతి గీసే గీతని లెక్కలో ఉంచకూడదు, అది నీటి దారి కాదు కాబట్టి. మా ఆఫీసులో గీతలు శుభ్రం చేసే ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ ప్రతి ఉదయం వచ్చి, చెడ్డ గీతల్ని ఏరి పక్కన పెట్టి, పక్కన కారణం రాస్తారు. ఎక్కువసార్లు రాసే కారణం ఒక్కటే: పడవ ఎక్కింది. ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండేది.

నాకు పడవ పడదు. రేవు దాటేలోపే కడుపులో దేవుతుంది, ఆ సంగతి మా ఆఫీసులో చాలామందికి తెలియదు. అందుకే బంతులు పంపించి అన్నతో వేయించేదాన్ని. ఆ సంవత్సరం నైరుతి వానలు తగ్గుతుండగా అయిదు బంతులు పంపించాను, ఒడ్డు నుంచి లోపలికి వరసగా వేయమన్నాను. శనివారం తెల్లవారుజామున అన్న, వదిన తమ్ముడు కలిసి బోటు తీశారు. పొద్దున్నే ఫోను చేసి వేస్తున్నానని చెప్పాడు. అండమాన్ దగ్గర అల్పపీడనం ఉందని, ఆదివారం సాయంత్రానికల్లా సముద్రం లేస్తుందని నేను గుర్తు చేశాను. వేసేసి, నాలుగు చేపలు పట్టుకుని వచ్చేస్తానన్నాడు.

సాయంత్రం వదిన ఫోను చేసింది. ఎత్తగానే ఏడుపు వినిపించలేదు, అదే నన్ను భయపెట్టింది. వదిన మాట ఒక్కొక్కటే పొడిగా వచ్చింది. ఇంజన్ ఆగిపోయిందని మధ్యాహ్నం అన్న ఫోను చేశాడట, సిగ్నలు సరిగా లేదట. ఆయన చెప్పింది రెండు ముక్కలు: ఉత్తరపు నీరు గట్టిగా లాగతా ఉండాది, పాపకి చెప్పు. తర్వాత ఫోను తెగిపోయింది. మా ఇంట్లో ఇప్పటికీ నన్ను పాప అనే పిలుస్తారు. ఊరి బోట్లు చీకటి పడేదాకా వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. ఊరివాళ్లు తీరం కాపలా కాసే గస్తీ ఆఫీసులో చెప్పారు. నాకు వెంటనే చేయాల్సిన ఫోను సాయంత్రం దాకా ఎందుకు ఆగిందని వదిన మీద అరవబోయి ఆగాను. ఆ బోటులో ఉన్నది ఆమె మొగుడూ తమ్ముడూ ఇద్దరూనూ.

రైలెక్కాను. దారంతా ఫోనులో మా బంతుల పేజీ తెరిచి చూస్తూనే ఉన్నాను. బంతులు ఎక్కడున్నదీ చూపే శనివారం నాటి చుక్కలు ఒకదాని మీద ఒకటి ముడిపడి కనిపించాయి. వేసిన మొదటి కొన్ని గంటలు బంతులు అక్కడక్కడే తచ్చాడతాయి, వాటిని బట్టి ఏమీ చెప్పలేం. రాత్రి పుట్టిన చుక్కలు పొద్దున ఆ పెద్దావిడ వచ్చి శుభ్రం చేసేదాకా పేజీలోకి రావు. తెల్లారితే ఆదివారం. ఆఫీసుకి ఎవరూ రారు.

కావలిలో దిగేసరికి వదిన స్టేషను బయట నిలబడి ఉంది. నిన్న కట్టుకున్న చీరే. పాస్టరు గారు చర్చిలో వీళ్లిద్దరి కోసమే ప్రార్థన పెట్టారట, అందరూ రమ్మన్నారట, తాను మాత్రం నాతోనే గస్తీ ఆఫీసుకి వస్తానంది. ఆటో ఎక్కాం. ఊరి మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, నువ్వు చదివింది ఇదే గదా. యాడుండారో చెప్పు" అంది.

ఇన్నేళ్లు ఎన్ని మీటింగుల్లో ఎంతమంది ముందు మాట్లాడానో, నీరు ఎలా పోతుందని ఎన్ని బొమ్మలు వేసి చూపించానో. నన్ను ఆ ప్రశ్న అంత సూటిగా అడిగినవాళ్లు ఎవరూ లేరు. దక్షిణానికి పోయి ఉంటారు వదినా, కృష్ణపట్నం వైపు, అని చెప్పాను. చెప్పగలిగాను అనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

గస్తీ ఆఫీసులో ఉన్న అధికారి ఓడల మీద చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు వదినకి నీళ్లు ఇప్పించాడు. తెల్లవారకముందే రెండు బోట్లు పంపించానని, రామాయపట్నం దాటి పైకి వెతుకుతున్నాయని చెప్పాడు. రామాయపట్నం మాకు ఉత్తరాన ఉంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. గోడ మీదున్న పటంలో ఆయన పెట్టిన గుండుసూదులు చూశాను. అన్నీ పైకే ఉన్నాయి.

ఉత్తరం వైపు ఎందుకు పంపారని అడిగాను. ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపించింది. ఉత్తర ప్రవాహం బలంగా ఉందని బోటులో మనిషే చెప్పాడు కదమ్మా, అన్నాడు. అప్పుడు అర్థమైంది. మా అన్న చెప్పిన మాటని వదిన ఉన్నది ఉన్నట్టు ఈయనకి చెప్పింది. ఆయన తన వృత్తి నేర్పినట్టు విన్నాడు. నేనైనా నా ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆ వాక్యం చదివి ఉంటే అలాగే పటంలో పైకి గీత గీసేదాన్ని.

మా ఇంట్లో ఉత్తరపు నీరు అంటే ఉత్తరం నుంచి వచ్చేది అని చెప్పాను. కంగారులో గొంతు పెంచాను కూడా. కావలి చుట్టం సంగతి కూడా చెప్పాను, ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన విసుక్కోలేదు. మీరు ఈ పనే చేస్తారట కదా అని అడిగాడు. అవునన్నాను. మీ అన్నగారు మీ కోసం బంతులు వేస్తూ ఉంటారట కదా అన్నాడు. అవునన్నాను. మీతో మాట్లాడేటప్పుడు ఏ మాట వాడతారు అని అడిగాడు. నా మాటే, అన్నాను.

"మీకు చెప్పమని కదమ్మా ఆయన అన్నది. మీకు చెప్పమన్నప్పుడు మీ మాటలోనే చెప్పి ఉండడా?" అన్నాడు.

ఆయన అడిగింది సబబైన ప్రశ్న. వదినతో మాట్లాడుతూ అన్నాడు కాబట్టి అన్న ఉత్తరమే అవ్వాలి. నాకు చెప్పమన్నాడు కాబట్టి నా ఉత్తరం కూడా కావచ్చు. రెండేళ్లుగా అన్న చేత నా మాట అనిపించింది నేనే. నైరుతి వెనక్కి తగ్గే రోజుల్లో ఇక్కడి నీళ్లకి నిలకడ ఉండదు, ఉత్తరానికి లాగే రోజులూ ఉంటాయి. తిరిగాయా లేదా తెలియకనే కదా బంతులు పంపించింది. తెలిసి ఉంటే అన్న ఆ రోజు సముద్రంలోకి వెళ్లేవాడే కాడు.

వదినని మళ్లీ అడిగాను. ఆ రెండు ముక్కల మధ్య ఆగాడా, గుక్క తిప్పుకోకుండా అన్నాడా, ముందు ఏది అన్నాడు అని. వదిన కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయింది. మొదట చెప్పినట్టే చెప్పింది, రెండోసారి తిరగేసి చెప్పింది, మూడోసారి "నాకు తెలవదు పాపా" అని చేతులతో మొహం కప్పుకుంది. ఇక అడగలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

ఉన్న బోట్లు రెండే. ఒకటి అటు, ఒకటి ఇటు పంపితే రెండు వైపులా సగం సగమే వెతికినట్టవుతుంది. సాయంత్రానికి అల్పపీడనం దగ్గరపడితే వాటిని వెనక్కి పిలవక తప్పదని అధికారి ముందే చెప్పాడు. ఏదైనా ఆధారం చూపించండమ్మా, బోట్లు తిప్పేస్తాను అన్నాడు. ఆధారం ఆకాశంలో ఉంది, హైదరాబాదులో తాళం వేసిన గదిలో ఉంది. పెద్దావిడకి ఫోను చేశాను. ఎత్తలేదు. ఆదివారం ఆవిడ ఎవరి ఫోనూ ఎత్తరు, మేమంతా దాని మీద జోకులు వేసుకునేవాళ్లం. చేస్తూనే ఉన్నాను. బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, దేవుడితో నాకు అంతగా మాటల్లేకపోయినా ఆవిడ ఫోను ఎత్తాలని మాత్రం అడిగాను.

ఎత్తారు. కూరగాయల మార్కెట్లో ఉన్నారు, వెనక నుంచి బేరాల గోల వినబడుతోంది. సంగతి చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంచీ అక్కడే ఎవరికో అప్పగించి ఆటో ఎక్కారు. ఆఫీసు చేరాక వాచ్‌మన్ చేత తాళం తీయించి, కంప్యూటరు ముందు కూర్చుని నాకు ఫోను చేశారు. ఆ మధ్యలో గడిచిన సమయం నాకు ఇప్పటికీ గుర్తు చేసుకోవాలంటే భయం. వదిన నా వైపే చూస్తూ ఉండేది, నేను ఆమె వైపు చూడకుండా పటం వైపు చూసేదాన్ని.

చుక్కలు చదవమన్నాను. ఆవిడ చదివారు. రాత్రంతా కిందికే వచ్చాయి అన్నారు, దక్షిణానికి, ఒడ్డుకి సమాంతరంగా, మంచి వేగంతో, నాలుగూ ఒకే దారిలో. నీళ్లు తిరిగాయమ్మా, అన్నారు. ఏటా ఆ మాట వినగానే మేం టీ తెప్పించుకుంటాం. ఆ రోజు ఆ మాట విని నేను గోడకి ఆనుకున్నాను. అన్న మాట్లాడింది తన మాటే. ఫోను స్పీకరులో పెట్టి అధికారికి వినిపించాను. ఆయన లేచి వైర్‌లెస్ గదిలోకి వెళ్లాడు.

అంతలో నాకు ఒకటి తట్టింది. నాలుగూ అంటున్నారు, అయిదు కదా వేసింది అని అడిగాను.

"అయిదోది వదిలెయ్యమ్మా. పడవ ఎక్కింది. పక్కన పెట్టేశాను" అన్నారు ఆవిడ.

అలవాటుగా ఒళ్లు మండబోయింది. తర్వాత మెల్లగా ఆ మాట లోపలికి దిగింది. ఎలా తెలిసిందని అడిగాను. మిగతా నాలుగూ నీళ్ల వేడిని చెబుతున్నాయట, పగలూ రాత్రీ పెద్ద తేడా లేదట. ఇది మాత్రం మధ్యాహ్నం మరిగిపోయి రాత్రి చల్లబడిందట, అంటే నీళ్లలో లేదు, ఏదో పడవ మీద ఉంది. గీత కూడా మిగతా వాటితో కలవకుండా ఒడ్డు వైపు వాలుతోందట.

పడవ ఎంత వేగంతో పోతోంది అని అడిగాను. ఆవిడ లెక్క చూశారు. చాలా మెల్లగా అన్నారు, నీటి వేగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంజన్ నడిచే పడవ అంత మెల్లగా పోదు. దారి మార్చకుండా, ఒడ్డుకి తిరగకుండా, రాత్రంతా నీళ్లు లాగినట్టు లాగబడుతూ, ఈశాన్యపు గాలి తోసినట్టు తోయబడుతూ పోయే పడవ ఒకటే ఉంటుంది. తీసేసిన గీత మళ్లీ పెట్టండి, అన్నాను. పెట్టానమ్మా పెట్టాను, అన్నారు ఆవిడ.

వైర్‌లెస్ గదిలోంచి వచ్చిన అధికారికి అయిదో గీత సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీరు చెబుతున్నది నీటి దారా, పడవ దారా?" అని అడిగాడు. పడవ దారి అన్నాను. అది వేరే ఎవరి పడవైనా కావచ్చని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంజన్ లేని పడవలు ఆ రోజు ఆ ఒడ్డున ఎన్ని తప్పిపోయాయని అడిగాను. ఆయన కృష్ణపట్నం వైపు నుంచి ఇంకో బోటు అడిగి తెప్పించాడు, కిందికి తిప్పిన రెండింటినీ అటే పొమ్మన్నాడు. ఆఖరి చుక్క కృష్ణపట్నానికి ఎదురుగా, పెద్ద ఓడలు లంగరు వేసి ఆగే చోటికి దగ్గర్లో ఉంది. రాత్రి లైటు లేకుండా ఆ ఓడల మధ్య నుంచి వాళ్లు ఎలా వచ్చారో అని అప్పుడు తోచింది. ఆ సంగతి వదినకి చెప్పలేదు.

మమ్మల్ని జీపులో కృష్ణపట్నం వైపు తీసుకెళ్లారు. దారిలో మబ్బు కమ్ముకొచ్చింది, గాలి తూర్పు నుంచి గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. మేం రేవు చేరేసరికి బోటు నుంచి కబురు వచ్చింది. చెప్పిన చోట ఏమీ లేదు. వదిన ఇసుకలో కూలబడింది. నాకు మాత్రం ఏడవడానికి కూడా తీరిక లేదు. చుక్క పుట్టి చాలాసేపయింది, అప్పటి నుంచి నీళ్లు కిందికి లాగుతూనే ఉన్నాయి, గాలి పెరిగింది కాబట్టి ఒడ్డు వైపు ఇంకా తోసి ఉంటుంది. ఇంకా కిందికి, ఇంకా లోపలి వైపుకి వెతకమన్నాను. ఒడ్డుకి దగ్గరయితే మంచిదే కదా అని పక్కనున్న కానిస్టేబులు అన్నాడు. అలలు విరిగే చోటికి ఇంజన్ లేని బోటు వస్తే ఏమవుతుందో వదినకి తెలుసు. ఆమె తల ఎత్తలేదు.

అధికారి వాచీ చూసుకోవడం నేను చూశాను. ఆయన కూడా నేను చూడటం చూశాడు. ఇంకాసేపు, అన్నాడు. పెద్దావిడతో ఫోను కట్ చేయకుండా పట్టుకునే ఉన్నాను. తరవాతి చుక్క రావాలి. ఆవిడ ఊపిరి వినబడుతోంది. చుక్క వచ్చింది. ఆవిడ అంకెలు చెబుతుంటే నేను గట్టిగా అరిచి చెప్పాను, అధికారి వైర్‌లెస్‌లో చెప్పాడు. తూపిలిపాలెం ఇంకా రాకముందే, అలలు విరిగే గీతకి కాస్త అవతల. తర్వాత వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. అది ఆగి ఒక గొంతు, ఇద్దరూ ఉన్నారు సార్, అంది.

వదిన లేచి నిలబడింది. ఇద్దరూనా అని అడిగింది. ఇద్దరూ, అన్నాడు అధికారి. ఆమె నన్ను పట్టుకుని పెద్దగా ఏడ్చింది, నేనూ ఏడ్చాను, కానిస్టేబులు మొహం తిప్పుకున్నాడు.

వాళ్లని తీసుకొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. వదిన తమ్ముడు నడవలేకపోయాడు, ఇద్దరు పట్టుకుని దించారు. అన్న తానే దిగాడు. పెదాలు పగిలి నల్లబడి ఉన్నాయి. చంకలో బంతి ఉంది. దాని గుడ్డ తొడుగుని చుట్టి చంకలో ఇరికించుకున్నాడు. వదిన ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, నన్ను చూసి తప్పు చేసినవాడిలా మొహం పెట్టాడు.

"నాలుగే వేసినా మే. దీని పావడా చినిగిపోయింది. ఐస్ పెట్టె మీద పెట్టుకుని కుడతా ఉండా. చినిగింది వేస్తే మీ ఆఫీసులో నిన్ను ఏమన్నా అంటారని" అన్నాడు.

ఆ బంతికి వల దారంతో వేసిన కుట్లు చూశాను. చిన్న చిన్న కుట్లు, వల కంటే శ్రద్ధగా వేసినవి. వేయడానికి సిద్ధం చేసి అప్పటికే బంతి లోపలి యంత్రాన్ని మేల్కొలిపాడు. మళ్లీ నిద్రపుచ్చడం ఎలాగో ఆయనకి నేను చెప్పలేదు. నా ఉద్యోగానికి మాట రాకూడదని తిరిగి తెచ్చిన వస్తువు రాత్రంతా ఆయన పక్కన కూర్చుని, ఇతను ఇక్కడున్నాడు, ఇక్కడున్నాడు అని చెబుతూనే ఉంది. మేం వినకుండా దాన్ని చెత్తలో వేశాం.

ఆస్పత్రిలో సెలైను ఎక్కుతుండగా అడిగాను, ఆ ఫోనులో ఏ ఉత్తరం అన్నావు, నాదా నీదా అని. నాకు చెప్పమన్నావు కదా, నా మాటలో ఎందుకు చెప్పలేదు అన్నాను. బోట్లు ఎటు వెళ్లాయో అప్పటికి ఆయనకి తెలిసింది.

"నీ మాటే చెప్పాలనుకున్నా మే. భయమేసినప్పుడు మన మాటే వచ్చింది" అన్నాడు.

ఆ తర్వాత ఆ విషయం మీద మేం ఎప్పుడూ వాదించుకోలేదు. మా ఆఫీసులో మత్స్యకారులకి పంపే సూచనల్లో ఇప్పుడు ఉత్తర ప్రవాహం, దక్షిణ ప్రవాహం అని రాయం. నీరు ఎటు నుంచి ఎటు లాగుతోందో రెండు దిక్కులూ రాస్తాం. వాక్యం పొడుగవుతుందని ఒకరిద్దరు గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

నీళ్లు తిరిగిన ఆ వారం లెక్క డిసెంబరులో కట్టాం, మన సముద్రం నుంచి పక్క సముద్రానికి ఎంత నీరు బయలుదేరిందో. పెద్దావిడ అయిదో గీతని తెర మీద ఉంచి నన్ను పిలిచారు. తీయాలా అని అడగలేదు, తీయాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. అందులో గాలి ఉంది, పడవ ఉంది, నీటి దారి సరిగా లేదు. అన్నకి ఫోను చేసి చెప్పాను, నువ్వు కుట్టినదాన్ని లెక్కలోంచి తీసేయాలన్నా అని. ఆయన కాస్త నొచ్చుకున్నట్టే ఉన్నాడు. కుట్టు గట్టిదే గదా మే, అన్నాడు. కుట్టు గట్టిదేనన్నా, ఆ గీతలో నీళ్లు లేవు, నువ్వున్నావు అన్నాను. అయితే తీసెయ్, అన్నాడు.

నా చేత్తోనే తీసేశాను. అచ్చయిన లెక్కలో నాలుగు గీతలే ఉన్నాయి. అయిదోదాని పక్కన ఎప్పుడూ రాసే కారణమే రాసి ఉంది, పడవ ఎక్కింది అని. చదివినవాళ్లు నీటి గురించి చాలా ప్రశ్నలు వేశారు. ఏ పడవ అని మాత్రం ఒక్కరూ అడగలేదు.